వైట్‌ఫీల్డ్‌లో ఎయిర్‌బిఎన్‌బి కోసం మొదటి ఫ్లాట్ కొందామని ఉంది, టోకెన్ ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి?

చీనీతోట_అనంతపురం

అందరికీ నమస్తే. మాది అనంతపురం, తొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉద్యోగం, కుందలహళ్లి దగ్గర అద్దెకుంటున్నాం, నేను, నా భార్య, నాలుగేళ్ల పాప. ఊర్లో నాన్న చీనీ (బత్తాయి) తోటలో కొంత అమ్మేశాడు, అందులో నా వాటా, మా ఇద్దరి సేవింగ్స్ అన్నీ కలిపితే 30 లక్షల దాకా ఉంది. ఈ డబ్బుతో ఒక ఫ్లాట్ కొని ఎయిర్‌బిఎన్‌బి యాప్‌లో పెట్టి రోజు అద్దెకి ఇద్దామని ఆలోచన, సొంతానికి ఇల్లు కొనేదానికి ఇంకా మూడు నాలుగేళ్లు ఆగుతాం.

కాడుగోడి వైపు ఒక 2 బీహెచ్‌కే చూపించారు. రీసేల్, ఏడేళ్ల బిల్డింగ్, మొత్తం 40 ఫ్లాట్లు, మాది అయిదో అంతస్తు, 1,150 చదరపు అడుగులు, 82 లక్షలు చెప్తున్నారు. మెట్రోకి నడిచిపోతే పది నిమిషాలు. బ్రోకర్ ఏమంటాడంటే ఇదే బిల్డింగ్‌లో ఇంకో రెండు ఫ్లాట్లు ఆల్రెడీ ఎయిర్‌బిఎన్‌బిలో నడుస్తున్నాయంట, రాత్రికి 3,500, నెలకి 25 రోజులు నిండుతుందంట, అంటే 87,500 వస్తుంది కదా ఈఎంఐ దానంతట అదే పోతుంది అని. ఆదివారం లోపల 2 లక్షలు టోకెన్ ఇవ్వమంటున్నాడు, వేరే పార్టీ ఉన్నారంట.

నా భార్యకి మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు. "మీ నాన్న ముప్పై ఏళ్లు నీళ్లు పట్టిన తోట అది, ఆదివారం లోపల ఎందుకు తేల్చాలి" అంటోంది. నాకూ అదే భయం. ఎవరైనా నిజంగా నడుపుతున్నవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కాగితాల సంగతి తెలిసినవాళ్లు కూడా చెప్పండి ప్లీజ్.

---

నెల్లూరు_టు_బీటీఎం

తమ్ముడూ, ముందు ఆ టోకెన్ ఆపు. వేరే పార్టీ ఉంటే వాళ్లనే కొనుక్కోనీ.

నేను 2021లో ఒక 1 బీహెచ్‌కే కొన్నా, అచ్చం నీలాగే రోజు అద్దె లెక్క వేసుకుని. మొదటి రెండేళ్లు బాగానే నడిచింది, ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లు, ఆఫీసు పని మీద వారం ఉండేవాళ్లు, పిల్లల్ని చూసుకోడానికి వచ్చే పెద్దవాళ్లు. మూడో ఏడాది ఏమైందంటే పై అంతస్తులో వేరేవాళ్ల ఫ్లాట్, అదీ రోజు అద్దెదే, అందులో ఎవరో బర్త్‌డే పార్టీ పెట్టుకున్నారు, రాత్రి రెండింటి దాకా పాటలు, పొద్దున చూస్తే ఫైర్ మెట్ల మీద సీసాలు, పిల్లలు స్కూల్ బస్సుకి ఆ మెట్ల మీద నుంచే దిగాలి. తర్వాత ఓనర్ల అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్ పెట్టి ముప్పై రోజుల కన్నా తక్కువ ఉండేవాళ్లని రానివ్వకూడదని తీర్మానం చేసేశారు. నా ఫ్లాట్ మీద ఒక్క కంప్లయింట్ లేదు, అయినా అందరికీ ఒకటే రూల్.

తీర్మానం అయిన పది రోజులకి విజయవాడ నుంచి ఒక పెద్దాయన, ఆవిడ వచ్చారు, నా దగ్గర నెల కిందటే బుక్ చేసుకున్నారు. రాత్రి పదకొండు అయింది, గేట్ దగ్గర సెక్యూరిటీ లోపలికి పంపలేదు, గేట్ యాప్‌లో అప్రూవల్ రావట్లేదు అంటాడు. నేను బండేసుకుని వెళ్లేసరికి ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని ఉంది, చేతిలో పూతరేకుల డబ్బా, మనవరాలి కోసం తెచ్చుకున్నది. ఆ రాత్రి ఇద్దర్నీ మా ఇంటికే తీసుకెళ్లి పడుకోబెట్టాం. ఆ మరుసటి రోజే లిస్టింగ్ తీసేశా.

లాయర్ దగ్గరికి కూడా వెళ్లా. ఆయన అడిగిన మొదటి కాగితం డీడ్ ఆఫ్ డిక్లరేషన్. కర్ణాటకలో 1972 నాటి అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కింద రిజిస్టర్ చేసేది, దానికి బైలాస్ జతచేసి ఉంటాయి, ఓనర్లందరూ వాటికి కట్టుబడాలి. మా దాంట్లో ఫ్లాట్లు నివాసానికి మాత్రమే అని స్పష్టంగా రాసుంది. కొనేటప్పుడు నేను అది చూడనే లేదు, ఎవరూ చూపించలేదు. కోర్టుకి వెళ్లొచ్చు కానీ ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ అదే లిఫ్ట్‌లో అదే మనుషుల్ని చూడాలి అన్నాడు లాయర్. ఇప్పుడు మామూలు అద్దెకిచ్చా, 19,000 వస్తోంది, ఈఎంఐ 31,000. ప్రతి నెలా 12,000 నా జీతంలోంచి.

కాబట్టి బిల్డింగ్‌లో రెండు ఫ్లాట్లు నడుస్తున్నాయి అంటే పర్మిషన్ ఉందని కాదు, ఇంకా ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదని మాత్రమే. అసోసియేషన్ సెక్రటరీని నువ్వే నేరుగా కలువు, బ్రోకర్ లేకుండా. బైలాస్ కాపీ, గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ అడుగు. "రోజు అద్దెకి ఇద్దామనుకుంటున్నా" అని దాచకుండా చెప్పు, ఆయన ముఖం చూస్తేనే సగం తెలిసిపోతుంది. లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు కూడా చదువు, అక్కడ నిజాలుంటాయి.

---

కడప_ఆడపడుచు

పై అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను కాగితాల గురించి చెప్తా, మేం 2023లో ఒక ఫ్లాట్ దగ్గర చిక్కుకోబోయి బయటపడ్డాం.

మీరు అయిదో అంతస్తు అన్నారు చూడండి, నాకు అక్కడే గుండె ఝల్లుమంది. మేం చూసింది కూడా 502. మంచి గాలి, తూర్పు వాకిలి, అత్తమ్మకి చాలా నచ్చింది. లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చాక శాంక్షన్ ప్లాన్ కాపీ వచ్చింది. మా ఆయన సంతకాలు, సీళ్లు చూసుకుంటూ పోతున్నాడు, నేను డైనింగ్ టేబుల్ మీద పరిచి ఒక్కో అంతస్తు వేలు పెట్టి లెక్కపెట్టా. స్టిల్ట్ (కింద పార్కింగ్), ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. అయిదోది కాగితం మీద లేదు. అమ్మేవాళ్లని అడిగితే "ఈ ఏరియాలో అందరూ అలాగే కట్టారు మేడం" అన్నారు. టోకెన్‌లో సగమే వెనక్కి వచ్చింది, పోతే పోయిందిలే అనుకున్నాం.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ప్లాన్‌లో మీ అంతస్తు ఉందా లేదా చూడటం. రెండోది ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చే కాగితం. "అప్లై చేశారు, వస్తుంది" అంటే లేదనే అర్థం, ఏడేళ్ల బిల్డింగ్‌కి ఇప్పటిదాకా రాకపోతే ఇకముందు ఎందుకు వస్తుంది చెప్పండి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో కంప్లీషన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు చూశాకే బ్యాంకులు లోన్ ఇవ్వాలని, కరెంటు, నీళ్ల కనెక్షన్లు కూడా అవి ఉంటేనే ఇవ్వాలని చెప్పింది. అంటే మీకు ఇవాళ ఎలాగోలా లోన్ దొరికినా రేపు మీరు అమ్మబోతే కొనేవాడికి దొరక్కపోవచ్చు.

ఖాతా సంగతి, అంటే కార్పొరేషన్‌లో ఉండే ఆస్తి పన్ను రికార్డు. ఏ ఖాతానా బీ ఖాతానా అడగండి. ఓసీ లేనివాటికి, ప్లాన్ తప్పి కట్టినవాటికి చాలాసార్లు బీ ఖాతానే ఉంటుంది. ఇప్పుడు ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషనే అవ్వట్లేదు, ఈ-ఖాతా చేతికొచ్చింది కదా అని సంబరపడొద్దు, అందులో ఏ అని ఉందా బీ అని ఉందా చూడండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) మీరే రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో తీసుకోవచ్చు, బ్రోకర్ ఇచ్చిన జిరాక్స్ నమ్మకండి, కనీసం 30 ఏళ్లది తీయండి, పోర్టల్‌లో దొరకని పాత ఏళ్లవి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. అక్కడి నుంచి మదర్ డీడ్ (ఆ ఆస్తికి మూల పత్రం) దాకా లింకు డాక్యుమెంట్లు తెగకుండా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం కనిపిస్తే ఆగిపోండి, ఉత్త జీపీఏతో హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

వైట్‌ఫీల్డ్, కాడుగోడి అంతా ఒకప్పుడు పొలాలే కదా. అందుకని ఆ భూమి వ్యవసాయం నుంచి కన్వర్షన్ అయిందా, ఎప్పుడో ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం ఇచ్చిన భూమా అనేది లాయర్‌తో చూపించండి. ఇక్కడ 1978 నాటి పీటీసీఎల్ చట్టం ఉంది, అలా ఇచ్చిన భూమి పర్మిషన్ లేకుండా చేతులు మారితే మళ్లీ అసలువాళ్లకే వెళ్తుంది, 2023లో చేసిన సవరణతో ఇన్నేళ్లు దాటితే అడగకూడదనే గడువు కూడా లేదు. ఆ కుటుంబాల తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్ల భూమి వాళ్లు అడుగుతారు, చూసుకోకుండా కొన్నది మనం.

అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటారా కనుక్కోండి. ఇక్కడివాళ్లయితే 50 లక్షలు, ఆపైన ధరకి మీరు వాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుని కట్టాలి, ఎన్‌ఆర్‌ఐ అయితే అది చాలా ఎక్కువ, లెక్క కూడా వేరే. పట్టుకోకపోతే నోటీసు వచ్చేది మీకే.

లాయర్ ఫీజుకి వెనకాడకండి అన్నా. బ్యాంకు లాయర్ చూస్తాడులే అనుకుంటారు అందరూ, ఆయన చూసేది బ్యాంకు డబ్బు కోసం, మీ డబ్బు కోసం చూసే మనిషి వేరే ఉండాలి.

---

లెక్కల_ఒంగోలు

కాగితాలన్నీ బాగున్నా కూడా ఈ లెక్క నిలబడదు బ్రదర్. రాసి చూపిస్తా.

82 లక్షలకి 80 శాతం లోన్ అంటే 65 లక్షలు అనుకుందాం. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకి ఈఎంఐ 56,400 వస్తుంది. మిగతా 17 లక్షలు నీ చేతిలోంచి. స్టాంప్ డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జీ కలిపి 5.6, రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాదు 2 శాతం. మొత్తం 7.6, అంటే 6 లక్షల 23 వేలు, ఇది లోన్‌లోకి రాదు. 23 దాటింది కదా, ఇక మంచాలు, ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, పెయింటింగ్ ఎంత పొదుపుగా చేసినా 5 నుంచి 7 లక్షలు. నీ 30 అక్కడితో సరి. రిజర్వ్ సున్నా. నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో రిజర్వ్ సున్నా అనే మాట నాకు అస్సలు నచ్చలేదు.

ఇప్పుడు ఆదాయం. బ్రోకర్ చెప్పిన 3,500, 25 రాత్రులు పక్కన పెట్టు. కొత్త లిస్టింగ్, రివ్యూలు లేవు, 2,600 చొప్పున 15 రాత్రులు అనుకో. 39,000. ప్లాట్‌ఫారం కమిషన్‌కి 15 శాతం తీసి పెడితే 33,150. సగటున రెండు రాత్రులకి ఒక గెస్ట్ మారతాడు, ప్రతిసారీ క్లీనింగ్, దుప్పట్ల ఉతుకుడు 600, అంటే 4,500. మెయింటెనెన్స్ 5,200, కరెంటు 2,500, వైఫై 900, సబ్బులు, టీపొడి, విరిగేవి, రిపేర్లు 2,500. చేతికి మిగిలేది 17,550. ఈఎంఐకి ఇంకా దాదాపు 39,000 జీతంలోంచి వేయాలి.

అదే ఫ్లాట్ మామూలు ఫ్యామిలీకి 30,000కి ఇచ్చావనుకో, మెయింటెనెన్స్ వాళ్లే కట్టుకుంటారు. నేను లెక్కేస్తే నెలకి 22 రాత్రులు నిండితే గానీ రోజు అద్దెలో మిగిలేది ఆ 30,000కి సమానం అవ్వట్లేదు, అదీ తాళాలు, ఫోన్లు, కంప్లయింట్లు అన్నీ నువ్వే చూసుకుంటే. మనిషిని పెడితే ఇంకా తగ్గుతుంది. నిన్ను భయపెట్టడానికి కాదు ఇది చెప్పేది, 22 అనే అంకె గుర్తుపెట్టుకో, ఆ బిల్డింగ్‌లో నడుస్తున్నాయంటున్న రెండు ఫ్లాట్ల క్యాలెండర్ యాప్‌లో తెరిచి ఎన్ని రాత్రులు ఖాళీగా ఉన్నాయో నాలుగు వారాలు రోజూ రాసుకో. ఓనర్ బ్లాక్ చేసుకున్నవి కూడా బుక్ అయినట్టే కనిపిస్తాయి కాబట్టి అసలు నిండింది నీకు కనిపించేదానికన్నా తక్కువే ఉంటుంది. ఏరో ఇండియా విమానాల ప్రదర్శన లాంటివి ఉన్న వారంలో రేట్లు చూసి మోసపోవద్దు, అది యలహంకలో, రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో అయిదు రోజులు.

జీఎస్టీ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, రోజుకి 7,500 లోపు రూముకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, నీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు దాన్ని ప్లాట్‌ఫారమే వసూలు చేసి కడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇది ఇంటి అద్దె కిందకి వస్తుందా వ్యాపారం కిందకి వస్తుందా అనేది నువ్విచ్చే సర్వీసుల్ని బట్టి ఉంటుంది, సీఏతో ఒక గంట కూర్చో.

---

కోలార్_మామ

అందరూ పెద్ద విషయాలు చెప్పినారు, నేను నీళ్ల గురించి ఒక్క మాట చెప్తా. 2024 మార్చిలో బెంగళూరులో ట్యాంకర్ల ధరలకి గవర్నమెంటే లిమిట్ పెట్టాల్సొచ్చింది, ఎండిన బోర్లు ఎక్కువ కనిపించింది మీ వైపే. వాచ్‌మన్ దగ్గర ట్యాంకర్ల నోటుబుక్ ఉంటుంది, ట్యాంకర్ వచ్చిన టైము, సంతకం, అన్నీ రాసుకుంటాడు. ఒక టీ తాగించి ఆ బుక్‌లో ఏప్రిల్ పేజీలు చూడు. రోజుకి ఎన్ని ట్యాంకర్లు అని తెలిస్తే మెయింటెనెన్స్ ముందు ముందు ఎంతవుతుందో అర్థమవుతుంది. గెస్టులు మనలాగా బకెట్‌తో పోసుకోరు నాయనా, షవర్ తిప్పి వదిలేస్తారు, దాని మీదే పక్కింటోళ్లతో గొడవ మొదలవుతుంది.

వాన పడ్డాక ఒకసారి పో. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, యమలూరు వైపు, 2024 అక్టోబర్‌లో యలహంకలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లే మునిగినాయి, పడవల్లో దింపినారు జనాన్ని. బేస్‌మెంట్ గోడ మీద నీటి మరక ఎంత ఎత్తు వరకు ఉందో టార్చ్ వేసి చూడు, పెయింట్ కొత్తగా ఉంటే ఎందుకు వేసినారో అడుగు.

---

కర్నూలు_స్టే

అన్నా, నేను బొమ్మసంద్ర దగ్గర రెండు ఫ్లాట్లు నడుపుతున్నా, నాలుగేళ్లయింది. రెండూ నావి కావు, అద్దెకి తీసుకున్నవి, ఓనర్లతో ఇలా ఇచ్చుకోవచ్చని రాతపూర్వకంగా అగ్రిమెంట్ ఉంది, అసోసియేషన్ లెటర్ కూడా ఉంది. మీకు చెప్పాలనుకున్నది ఇదే, కొనకముందు అద్దెకి తీసుకుని ఆరు నెలలు నడిపి చూడండి. అడ్వాన్స్, ఫర్నిచర్ కలిపి 4, 5 లక్షల్లో అయిపోతుంది, నచ్చకపోతే అడ్వాన్స్ వెనక్కి వస్తుంది, మంచాలు అమ్ముకోవచ్చు. చీనీ తోట డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా హాస్పిటల్ వాళ్లు. గుండె ఆపరేషన్లకి, క్యాన్సర్‌కి మన సీమ నుంచి, ప్రకాశం నుంచి ఎంతమంది వస్తారో మీకు తెలుసు కదా. పేషెంట్ లోపల ఉంటే ఇద్దరు ముగ్గురు బయట ఇరవై రోజులు, నెల ఉండాలి. వాళ్లకి స్విమ్మింగ్ పూల్ వద్దు, కుక్కర్ కావాలి, రొట్టె పెనం కావాలి, వేడినీళ్లు కావాలి, లిఫ్ట్‌లో వీల్‌చైర్ పట్టాలి, తెలుగులో మాట్లాడే మనిషి ఫోన్ ఎత్తాలి. రేటు తక్కువే, రోజుకి 1,400, కానీ నెలలో ఒకటి రెండు సార్లే మారతారు కాబట్టి క్లీనింగ్ ఖర్చు తక్కువ, పక్కవాళ్లకి ఇబ్బంది లేదు, ముప్పై రోజుల రూల్ పెట్టినా నెల ఉండేవాళ్లతో కొంతవరకు నెట్టుకురావచ్చు. మీకు దగ్గర్లో సత్యసాయి హాస్పిటల్ ఉంది, మెట్రో స్టేషన్ కూడా ఆ పేరుతోనే ఉంది, కానీ అక్కడ వైద్యం ఉచితం కాబట్టి వచ్చేవాళ్లలో చాలామంది రోజుకి అంత పెట్టుకోలేరు, వాళ్లని చూసి రేటు లెక్క వేసుకోకండి.

చిన్న విషయాలు కొన్ని ఎవరూ చెప్పరు. గెస్టులకి ఇంటి గ్యాస్ సిలిండర్ పెట్టకూడదు, నేను ఇండక్షన్ పెట్టా. కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే గృహజ్యోతి ఉచిత కరెంటు ఇళ్లకే, ఇలా నడిపే ఫ్లాట్‌కి అది లెక్కలో పెట్టుకోవద్దు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రోజు అద్దెకిస్తానని ప్రపోజల్‌లోనే రాయించండి, లేకపోతే క్లెయిమ్ రోజున చెయ్యెత్తేస్తారు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకి (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం పంపాలి, అర్ధరాత్రి దిగినా సరే. అందరి ఐడీ వివరాలు, రిజిస్టర్‌లో సంతకం, పోలీసులు అడిగితే అదే మనల్ని కాపాడేది. మొన్న మార్చిలో ఒక అమ్మాయి తప్పిపోయిన కేసులో మా బిల్డింగ్‌లో అన్ని ఫ్లాట్లూ అడిగారు, నా రిజిస్టర్ తీసి చూపించా, అయిదు నిమిషాల్లో వెళ్లిపోయారు.

---

చీనీతోట_అనంతపురం

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా, ఇంత ఓపిగ్గా రాశారు. శనివారం పొద్దున్నే నేను, నా భార్య ఇద్దరం వెళ్లాం, బ్రోకర్‌కి చెప్పలేదు.

సెక్రటరీ గారు రిటైర్డ్ మాస్టారు, హిందూపురం వైపు వాళ్లు, తెలుగులోనే మాట్లాడారు. బైలాస్ కాపీ వెంటనే ఇవ్వలేదు గానీ విషయం దాచలేదు, ఆ రెండు ఫ్లాట్ల మీద ఆరు కంప్లయింట్లు ఉన్నాయంట, వచ్చే మీటింగ్ అజెండాలో అదే మొదటి పాయింటు. "ఫ్యామిలీకి ఇస్తానంటే రా బాబూ, సంతోషం" అన్నారు. వాచ్‌మన్ బుక్ కూడా చూశా కోలార్ మామా, ఏప్రిల్‌లో కొన్ని రోజులు నాలుగు ట్యాంకర్లు.

ప్లాన్‌లో అయిదో అంతస్తు ఉంది అక్కా, మాస్టారి దగ్గర కాపీ ఉంటే నా భార్యే వేలు పెట్టి లెక్కపెట్టింది. ఓసీ మాత్రం ఆయన దగ్గర లేదు. బ్రోకర్‌ని అడిగితే అమ్మేవాళ్ల దగ్గర ఉంది, సోమవారం వాట్సాప్ చేస్తా అన్నాడు. ఇవాళ గురువారం, ఇంకా రాలేదు, ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా అంటున్నాడు. టోకెన్ ఇవ్వలేదు. ఆదివారం వెళ్లిపోయింది, ఫ్లాట్ అలాగే ఉంది.

కర్నూలు అన్నా, మీ దగ్గరికి ఒక ఆదివారం వచ్చి చూడొచ్చా? ఓనర్‌తో రాసుకున్న అగ్రిమెంట్ ఎలా ఉంటుందో చూపిస్తే చాలు.

---

కర్నూలు_స్టే

తప్పకుండా రా అన్నా, వదినను, పాపను కూడా తీసుకురా. మధ్యాహ్నం పన్నెండు తర్వాత రండి, పొద్దున కడప వాళ్లు ఖాళీ చేస్తున్నారు, దుప్పట్లు మార్చేది కూడా చూస్తారు.